పాయఖానా గోడ మీది పేర్లు: హెలిగన్ తోట, తెలంగాణ గడీ

ఇంగ్లాండు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో, మెవాగిసీ అనే చేపల రేవుకు దగ్గర హెలిగన్ అనే ఎస్టేటు ఉంది. 1569లో ట్రెమేన్ వంశం దాన్ని కొన్నది. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్ళు ఆ వంశం చేతుల్లోనే నడిచింది. పెద్ద బంగళా, దాని చుట్టూ పూలతోటలు, ఎత్తు గోడల నడుమ కూరగాయల తోట, అద్దాల గదులు, అక్కణ్ణించి లోయలోకి దిగిపోయే అడవి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ తోటల్లో 22 మంది తోటమాలులు పని చేసేవాళ్ళు. 1916 నాటికి ఎనిమిది మంది మిగిలారు. యుద్ధానికి పోయినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. దొర జాక్ ట్రెమేన్ 1923లో ఇటలీ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. బంగళా అద్దెకి పోయింది, 1970ల్లో ఫ్లాట్లుగా మారింది. తోటని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ముళ్ళకంపలూ, తీగలూ, విరిగిపడ్డ చెట్లూ కలిసి దాన్ని మింగేసినయి.

1990 మొదట్లో పెద్ద గాలివాన వచ్చిపోయింది. ఎస్టేటు అప్పటికి ట్రెమేన్ బంధువుల ట్రస్టు కింద ఉంది. ఆ బంధువుల్లో ఒకడైన జాన్ విలిస్, పాటల రికార్డులు తీసే వ్యాపారం వదిలి అక్కడికొచ్చిన టిమ్ స్మిట్‌ని వెంటబెట్టుకుని ఆ పొదల్లోకి దూరాడు. తర్వాత జాన్ నెల్సన్ అనే కట్టుబడి మేస్త్రీ వాళ్ళతో కలిశాడు. గోడల తోట మూలలో, కూలిన రాళ్ళ కింద ఒక చిన్న గది బయటపడింది. అది తోట పనివాళ్ళ పాయఖానా. దాన్ని అక్కడ ‘థండర్‌బాక్స్ రూమ్’ అంటారు. ఆ గది సున్నపు గోడ మీద పెన్సిలుతో రాసిన పేర్లు కనపడ్డాయి. పక్కన తేదీ: 1914 ఆగస్టు. ఇంగ్లాండు యుద్ధంలోకి దిగిన నెల అది.

పాడుబడ్డ ఎస్టేట్లనీ, వాటి అడవుల్నీ స్థానిక జనంతో కలిసి తిరిగి నిలబెట్టడం గురించి మాట్లాడేవాళ్ళు హెలిగన్‌ని ఉదాహరణగా చూపుతారు. తోట 1992లో జనానికి తెరుచుకుంది. వలంటీర్లు వచ్చి కంపలు నరికారు, పూడిన కాలవలు తోడారు. స్మిట్ రాసిన పుస్తకం 1997లో వచ్చింది, టీవీలో సీరియల్ వచ్చింది. 2013లో లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం ఆ పాయఖానా గదిని ‘సజీవ స్మారకం’గా గుర్తించింది. ఈ కథలో అందరూ మెచ్చుకునేది ఒక నిర్ణయం. దొరలూ దొరసానుల కథ కాకుండా పని చేసినవాళ్ళ కథ చెప్పాలని వాళ్ళు అనుకున్నారు. ఆ నిర్ణయాన్ని నేనూ గౌరవిస్తున్నాను. ఇంగ్లాండులో పెద్ద బంగళాల చరిత్ర అంటే బొమ్మపటాలూ, వెండి సామానూ, వంశవృక్షమే గదా. అక్కడ తోటమాలి పేరుని ముందుకు తేవడం చిన్న పని కాదు. ఆ పేర్లని పట్టుకుని పారిష్ రికార్డులూ సైనిక రికార్డులూ వెతికి, ఎవరెక్కడ చచ్చిపోయారో కూడా రాబట్టారు.

అయితే ఈ కథని మన దగ్గరికి తెచ్చుకుని, ‘చూడండి, ఎస్టేట్లని ఇట్లా కాపాడుకోవాల’ అనేవాళ్ళు ఈ మధ్య మన దగ్గరా తయారవుతున్నారు. అందుకని ఈ కథలోని రెండు మాటల్ని, ‘పేరు’, ‘భాగస్వామ్యం’ అనేవాటిని, దళితుల వైపు నించి ఒకసారి పరీక్షించాలనిపించింది.

ముందు పేరు సంగతి. ఆ గోడ మీద పేర్లు ఎందుకున్నాయి? ఆ తోటమాలులకి రాయటం వచ్చు గనక. ఇంత చిన్న విషయాన్ని హెలిగన్ గురించి రాసేవాళ్ళు ప్రత్యేకంగా పట్టించుకోరు. వాళ్ళకది గాలి లాంటిది. ఇంగ్లాండులో 1870లో ప్రాథమిక విద్యాచట్టం వచ్చింది, 1880లో బడి తప్పనిసరి అయింది. కాబట్టి 1914లో ఇరవై ముప్పై ఏళ్ళున్న కూలివాడు తన సంతకం తను చేయగలడు. అదే 1914లో నిజాం ఇలాకాలో ఒక గడీలో పని చేసే మాలనో, మాదిగనో ఊహించుకోండి. గోడ ఉంటుంది, బొగ్గుముక్క ఉంటుంది, చెయ్యి ఉంటుంది. అక్షరం ఉండదు. అక్షరం లేకపోవడం మరుపు వల్ల జరిగింది కాదు, కట్టడి వల్ల జరిగింది. హెలిగన్‌లో పేర్లు పొదల కింద పూడిపోయాయి. మన దగ్గర పేర్లు గోడ దాకా రానే లేదు. పూడిపోయినదాన్ని తవ్వి తీయొచ్చు. అసలు రాయనియ్యని దాన్ని ఏ గునపంతో తవ్వుతాం?

మా ఇంట్లో సంతకం చేసిన మొదటి తరం నాది. మా నాయనమ్మ గడీలో వెట్టి చేసిన మనిషి. చిన్నప్పుడు గడీ ఊడ్చేదాన్నని చెప్పేది. తెల్లారకముందే పోవాల, దొరసాని లేచేసరికి వాకిలి మీద ఆకు కనపడొద్దు. యూనివర్సిటీలో చేరాక ఒకసారి, పరిశోధన మత్తులో ఉండి, అడిగాను: గడీలో పని చేసినవాళ్ళ పేర్లు ఎక్కడన్నా రాసి ఉన్నాయా అని. ‘గడీల ఎవలి పేరు ఉంటది బిడ్డా? మమ్ముల పేరు వెట్టి పిలిస్తెనే గద, పేరు ఉండేది’ అన్నది. ‘ఏయ్’, ‘ఓసేయ్’, కులం పేరు, పిలుపులన్నీ అవే. పేరుని గోడ మీద వెతకటం అనే పద్ధతే ఒక సౌకర్యంలోంచి పుట్టిందని నాకు ఆ రోజు తెలిసింది. పుస్తకాల్లో నేర్చుకోలేదు.

ఇంకొక మెట్టు దిగుదాం. అది పాయఖానా గోడ. ‘థండర్‌బాక్స్’ అనే మాట ఇంగ్లీషు రాజ్యం మన దేశంలో ఉన్నప్పుడు తెల్ల అధికారుల బంగళాల్లో బాగా నలిగిన మాట. కొయ్య కుర్చీ, దాని కింద డబ్బా. ఆ డబ్బా ఎత్తేవాడు ఒకడుండేవాడు. వెనక తలుపు నించి వచ్చి వెనక తలుపు నించి పోయేవాడు. వాడి కులం చెప్పనక్కర్లేదు. హెలిగన్ గదిలో ఆ మాట నవ్వు తెప్పిస్తుంది. అక్కడ కూర్చుని కునుకు తీయొద్దని గోడ మీద రాసిన హెచ్చరికని చూసి సందర్శకులు నవ్వుకుంటారు, తర్వాత పేర్లు చూసి కళ్ళు తుడుచుకుంటారు. నాకు మాత్రం ఆ గది గురించి చదవగానే వచ్చిన ప్రశ్న వేరు: దాన్ని ఎవరు శుభ్రం చేశారు? ఆ గదిలో కూర్చున్నవాళ్ళ పేర్లు గోడ మీద ఉన్నాయి. ఎత్తిపోసినవాళ్ళ పేరు అడగాలని కూడా తట్టదు. ఇది హెలిగన్ వాళ్ళని తప్పుపట్టడానికి అనటం లేదు. అక్కడ ఆ పని పుట్టుకతో అంటుకున్న కులం కాదు, పనివాళ్ళే వంతులేసుకుని చేసి ఉండొచ్చు కూడా. మనం అట్లా అనుకుని ఊరుకోలేం. మన దేశంలో ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం చేసి, అది చాలక 2013లో ఇంకొకటి చేయాల్సి వచ్చింది. మన గడీల్లో అట్లాంటి గది బయటపడితే మనం చదవాల్సింది గోడని కాదు, ఆ గది వెనక ఉండే చిన్న తలుపుని.

శ్రామికుల కథ అని పేరు పెట్టిన చోట కూడా ఏ శ్రామికుడు లోపలికి వస్తాడు, ఎవరు బయట ఉండిపోతారు అనేది ఎప్పుడూ అడగాల్సిందే. హెలిగన్‌లో రోడోడెండ్రాన్లు ప్రసిద్ధి. వాటిలో కొన్ని జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1847-51 మధ్య చేసిన యాత్రల్లో హిమాలయాల నించి పంపిన విత్తనాల సంతతి. హుకర్ సిక్కింలో కొండలెక్కాడు అని రాస్తారు. ఆయన సామానూ, కాగితాల కట్టలూ, మొక్కల బుట్టలూ మోసింది లెప్చాలు, భూటియాలు, నేపాలీ కూలీలు. 1849లో సిక్కిం దర్బారు మనుషులు హుకర్‌ని నిర్బంధించారు. ఆ వంక పెట్టుకుని కంపెనీ ప్రభుత్వం మరుసటేడు సిక్కిం దిగువ భూముల్ని కలిపేసుకుంది. ఇన్ని జరిగాక ఆ ఎర్రపూలు కార్న్‌వాల్ పచ్చికలో విరిశాయి. తోటమాలి పేరు దొరికిన తోటలో మోతకూలీ పేరు దొరకదు. బట్టలుతికిన ఆడవాళ్ళ పేర్లు కూడా ఆ గోడ మీద ఉండవు, అది మగవాళ్ళ పాయఖానా గదా.

అనాసపండు ముచ్చట కూడా చెప్పుకోవాల. హెలిగన్‌లో పాతకాలపు అనాసపండ్ల గుంట ఉంది. చలిదేశంలో అనాస కాయాలంటే వేడి కావాలి. పక్క గుంటల్లో గుర్రపు పేడ నింపి, అది కుళ్ళేటప్పుడు పుట్టే వేడిని మొక్కల కిందికి పంపిస్తారు. టన్నుల కొద్దీ పేడ ఎత్తాలి, మార్చాలి. ఒక్క పండు కోసం ఎంత చాకిరీ అవుతుందో ఆ పని తిరిగి చేసి చూస్తే గాని వాళ్ళకీ తెలియలేదు. ఇది నిజంగా మంచి విమర్శ, పుస్తకాలతో అయ్యేది కాదు. కానీ తొలిగా కాసిన పండ్లలో ఒకటి ఎవరికి పోయింది? 1997లో రాణి ఎలిజబెత్ పెళ్ళిరోజుకి పంపారు. తొలిపంట దొరకి పెట్టే ఆచారం ఎంత లోతుగా ఉంటుందో చూడండి. పనివాళ్ళ పేరు మీద నిలబెట్టిన తోట కూడా దాన్ని దాటలేకపోయింది.

ఇక భాగస్వామ్యం. ఈ మాట చుట్టూ ఉన్న మంచితనాన్ని కొంచెం పక్కన పెట్టి చూడాలి. ఇంగ్లాండులో శని ఆదివారాలు సెలవు ఉన్న మనిషి తన ఇష్టంతో వచ్చి, ఇతరుల ఎస్టేటులో కంప నరికి, టీ తాగి ఇంటికి పోతాడు. దాన్ని వలంటీరు పని అంటారు. డబ్బు తీసుకోకుండా ఇతరుల భూమిలో పని చేయటం మన వాడలకి కొత్త కాదు. దానికి మన దగ్గర పేరు వెట్టి. సుందరయ్య 1972లో తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఏ కులం దొరకి ఏ వెట్టి చేయాలో చెప్పాడు. చచ్చిన గొడ్డు తోలుతో చెప్పులూ, వ్యవసాయానికి కావాల్సిన తోలు సామానూ ఊరికే కుట్టివ్వాలి. ఇంటికొక మనిషి గడీ పనికి పోవాలి. కబురు మోయాలి, కట్టె మోయాలి. బేగారి, నీరడి, శేత్‌సింధి అనే పేర్లన్నీ ఇట్లాంటి పనుల చుట్టూ తిరిగినవే. తర్వాత స్వతంత్రం వచ్చాక ‘శ్రమదానం’ అనే కొత్త మాట వచ్చింది. దానం చేయాలంటే ముందు అది తనది అయి ఉండాలి. తన శ్రమ మీద తనకి హక్కు లేనివాడిని శ్రమదానానికి పిలవటంలో ఉన్న వెటకారం పిలిచినవాళ్ళకి తెలియదు.

‘స్థానిక సముదాయం’ అనే మాటలో కూడా ఇట్లాంటి మోసమే ఉంది. తెలుగులో మనం సముదాయం అనం, ‘ఊరంతా’ అంటాం. ఊరంతా కదిలింది, ఊరంతా ఒప్పుకున్నది. ఊరు అన్నప్పుడు వాడ అందులో లేదు. మన పల్లెల నిర్మాణమే ఊరూ వాడా అని రెండుగా ఉంది. ఊరుమ్మడి ఆస్తుల్లో వాడ వాటా ఎంత అని అడిగితే ఉమ్మడి అనే మాటే మూగబోతుంది. 1992లో, అంటే హెలిగన్ గేట్లు తెరుచుకున్న ఏడాదే, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం ఉమ్మడి అటవీ యాజమాన్యం పేరుతో వన సంరక్షణ సమితులు మొదలుపెట్టింది. తర్వాత దానికి ప్రపంచబ్యాంకు డబ్బు కూడా తోడైంది. క్షీణించిన అడవిని జనమే కాపాడుకుంటారన్నారు. చాలాచోట్ల ‘క్షీణించిన అడవి’ అని లెక్కగట్టిన దాంట్లో ఆదివాసుల పోడు భూములు కూడా ఉన్నాయి. కాపాడే కూలిపని వాళ్ళకొచ్చింది, భూమి మీద మాట శాఖ దగ్గరే ఉండిపోయింది. భాగస్వామ్యం అంటే పనిలో భాగమా, నిర్ణయంలో భాగమా, భూమిలో భాగమా అని విడదీసి అడగకపోతే ఈ మాట ఎప్పుడూ మొదటిదానికే జారుతుంది.

భూమిలో భాగం అసాధ్యమని ఎవరన్నా అంటే, అదే బ్రిటన్‌లోంచి వేరే ఉదాహరణ చూపించొచ్చు. స్కాట్లండులో ఎయిగ్ అనే చిన్న దీవి ఉంది. మొత్తం ఒక భూస్వామి ఎస్టేటు. 1997లో దీవి జనం, స్థానిక ప్రభుత్వంతోనూ వన్యప్రాణి సంరక్షణ సంస్థతోనూ కలిసి ట్రస్టుగా ఏర్పడి, చందాలు పోగుచేసి దాన్ని కొనుక్కున్నారు. 2003లో స్కాట్లండు భూసంస్కరణ చట్టం ఇట్లా కొనుక్కునే హక్కుని చట్టబద్ధం చేసింది. కొనుక్కోవటం అనేదాంట్లోనూ చిక్కుంది, దున్నినవాడు తన భూమిని తనే డబ్బిచ్చి కొనాలా అని. అయినా అక్కడ ప్రశ్న మొక్కల దగ్గర ఆగకుండా పట్టా దాకా వెళ్ళింది. హెలిగన్‌లో భూమి ప్రశ్నని పేర్ల ప్రశ్న మింగేసింది. చనిపోయిన కూలీ పేరుని గౌరవించటానికి బతికున్న భూస్వామి ఒక గజం కూడా వదులుకోనక్కర్లేదు.

ఇప్పుడు మన గడీల దగ్గరికి వద్దాం. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకి ‘అవార్డ్ ఆఫ్ మెరిట్’ వచ్చింది. ఆ సున్నం పనీ రాతి పనీ బాగా చేశారనటంలో నాకు అభ్యంతరం లేదు. నా ప్రశ్న ఆ ఒక్క కోట గురించి కాదు. ఈ అవార్డు చూసి రేపు ఇంకో పది గడీలు వారసత్వ సంపదగా లేస్తాయి, లేవాలని రాసేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. అప్పుడు హెలిగన్ పోలిక ఎక్కడ తెగుతుందో తెలుసుకోవాలి.

హెలిగన్ ఎందుకు పాడుబడింది? పనివాళ్ళు యుద్ధంలో చచ్చిపోయారు గనక. గడీ ఎందుకు పాడుబడింది? పనివాళ్ళు బతికి, ఎదురు తిరిగారు గనక. 1946-51 పోరాట కాలంలో దొరలు గడీలు వదిలి పట్నం పారిపోయారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మళ్ళీ 1970ల చివర, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో పాలేర్లూ కూలీలూ లేచినప్పుడు ఇంకొకసారి గడీలు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వం 1978లో వాటిని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వెట్టి ఆగిపోయిన రోజు నించే గడీ వాకిట్లో ఆకు పేరుకోవటం మొదలైంది. మా నాయనమ్మ ఊడ్వటం మానేసిన ఆకే అది. ఆ ఆకుల కుప్పని చూసి ‘అయ్యో, నిర్లక్ష్యం’ అని నొచ్చుకునే కన్ను ఎవరిది? హెలిగన్ శిథిలం దుఃఖం. గడీ శిథిలం గెలుపు. రెండింటికీ ఒకే ‘పునరుద్ధరణ’ అనే మాట వాడితే ఆ గెలుపుని తుడిచేసినట్టే.

పైగా పాడుబడ్డ గడీ ఖాళీగా ఏం లేదు. పడిపోయిన ప్రహరీ సందుల్లోంచి మేకలు పోతాయి. గడీ తోటలో మొలిచిన సీతాఫలం చెట్ల కాయలు వాడ ఆడవాళ్ళు తెంపుకుని అంగడికి పట్టుకుపోతారు. ఎండుకట్టె ఏరుకుంటారు. చింతచెట్టు కింద పిల్లలు ఆడతారు. ఆ చెట్టు కిందే వాళ్ళ తాతలు చెప్పులు చేతబట్టుకుని నిలబడి ఉంటారు. ఒకప్పుడు చెప్పులేసుకుని నడవలేని నేలలో ఇప్పుడు మేక మేస్తున్నది. దీన్ని ‘ఆక్రమణ’ అనీ, ‘పిచ్చిమొక్కలు’ అనీ రిపోర్టుల్లో రాయటం చాలా తేలిక. గేటు పెట్టి, టిక్కెట్టు పెట్టి, పచ్చిక పరిచాక ఆ మేకా, ఆ కాయలూ, ఆ కట్టే బయటికి పోతాయి. తర్వాత ఆ వాడలోంచే ఇద్దరు ముగ్గుర్ని తోటమాలులుగా పెట్టుకుని దాన్ని భాగస్వామ్యం అంటారు.

అట్లాగని గడీల్ని కూల్చాలని నేననను. కూల్చితే ఏమీ మిగలదు, వెట్టి జరిగిందని చెప్పటానికి ఆ గోడలన్నా ఉండాల. మా తరం పరిశోధకుల్లో కొంతమంది ‘ఆ దొరల ఇళ్ళతో మనకేం పని’ అంటారు. ఆ ఇళ్ళు దొరలు కట్టినవి కావు, కట్టించినవి. రాయి కొట్టినవాళ్ళూ మట్టి మోసినవాళ్ళూ ఎవరో మనకి తెలుసు. కాబట్టి పునరుద్ధరణ అనే పని జరుగుతుంటే అక్కడ మనం లేకుండా పోవటం కూడా నష్టమే. హెలిగన్ నించి నేర్చుకోదగ్గది కూడా ఉంది. వాళ్ళు ఒక గోడ మీది పేర్లని పట్టుకుని కాగితాల వెంట పడ్డారు. మనకి గోడ లేదు, కాగితం మాత్రం ఉంది. 1954-55 ఖాస్రా పహాణీ ఉంది. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితాలు ఉన్నాయి. పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు అని ఇంకో కాలమ్ ఉంటుంది. అక్షరం రానివాళ్ళ పేర్లని పట్వారీ రాసిన చోటు అది. తప్పులతోనే రాశాడు, కొట్టివేతలతోనే రాశాడు, కొన్నిచోట్ల లంచం తిని మార్చి రాశాడు. అయినా అక్కడ కొన్ని మాల మాదిగ పేర్లు దొరుకుతాయి. అవి ఏ సర్వే నంబరులో దున్నారో కూడా దొరుకుతుంది. 2020లో ధరణి పోర్టల్ తెచ్చినప్పుడు ఆ అనుభవదారు కాలమే లేకుండా చేశారు. ఆ తర్వాత 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది.

ఒక గడీని బాగు చేయటానికి డబ్బు పెట్టేవాళ్ళు ముందు ఆర్కిటెక్టుని పిలుస్తారు. ఆ గడీ చుట్టూ ఉన్న సర్వే నంబర్ల పహాణీ నకళ్ళు తీసి, అనుభవదారు కాలమ్‌లో ఉన్న పేర్లని వాడలో గట్టిగా చదివి వినిపించి, వాళ్ళ మనుమలు ఇప్పుడెక్కడున్నారో అడిగాక పిలవమని నా వాదన. మా ఊరి నకలు కోసం నేను దరఖాస్తు పెట్టుకున్నాను. మూడుసార్లు తిరిగాక రెండు పేజీలు ఇచ్చారు. నాయనమ్మ పేరు లేదు. తాత పేరు ఉంది, ఇంటిపేరు తప్పుగా.